సూది పరీక్షలో రేడియేషన్ తగ్గించే ఏఐ: మా మామ అడిగిన ప్రశ్న

[తెరపై: దేవరకొండ బస్టాండ్. పెద్దాయన చేతిలో స్కాన్ కవరు]

మా మేనమామ ఛాతీ స్కాన్‌లో మచ్చ కనిపించింది. టీబీనా, క్యాన్సరా తేలాలంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష (బయాప్సీ) చేయాలన్నారు. హైదరాబాద్ బస్సెక్కినంక ఆయన అడిగిన మొదటి మాట: "అల్లుడా, సూది గుచ్చేటప్పుడు మళ్లీ మళ్లీ స్కాన్ తీస్తరంట. అన్ని కిరణాలు ఒంట్లోకి పోతే ఎట్ల?"

మా దగ్గరి లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వకాల మీద జరిగిన గొడవ చూసిన మనిషి. రేడియేషన్ అంటే టెన్షన్ పడడా మరి!

రాళ్లు, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి అందే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే లెక్క). మామూలు ఛాతీ సీటీ స్కాన్ ఒక్కటే 6 దాకా ఉంటుంది. సూది పరీక్షలో సూదిని కొంచెం దింపడం, స్కాన్ తీసి చూడటం, మళ్లీ దింపడం. తీసేది చిన్న భాగమే అయినా తీసిన ప్రతిసారీ డోసు కలుస్తూ పోతుంది.

[తెరపై: ఎండిన వాకిట్లో చినుకులు]

మరి కిరణాలు తగ్గించేస్తే పోలా? ఈ వాకిలి చూడండి. నాలుగు చినుకులు పడితే నేల చుక్కలు చుక్కలుగా తడుస్తుంది. గట్టి వాన పడితే అంతా ఒకేలా తడుస్తుంది. ఎక్స్‌రే కిరణాలూ అంతే. డోసు నాలుగో వంతుకు దించితే బొమ్మలో చుక్కలు రెట్టింపవుతాయి. పాత టీవీ గుర్తుందిగా?

ఏఐ పని ఇక్కడే. అది కిరణాలను ఆపదు. చుక్కల బొమ్మను శుభ్రం చేస్తుంది, దాంతో డాక్టర్ ధైర్యంగా డోసు తగ్గించగలుగుతారు. దానికి నేర్పే తీరు భలే ఉంటుంది. మంచి బొమ్మ తీసుకుని, కంప్యూటర్‌లోనే కావాలని చుక్కలు చల్లి, "అసలుది ఇదీ, పాడైనది ఇదీ" అని వేల జతలు చూపిస్తారు. అందుకోసం ఎవరినీ రెండుసార్లు స్కాన్ చేయక్కర్లేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లకు అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే అనుమతి ఇచ్చింది.

నాకూ ఒక అనుమానం ఉంది. చుక్కలతో పాటు నిజమైన చిన్న మచ్చనూ తుడిచేస్తే? ఆ ప్రమాదం లేకపోలేదు. కానీ జబ్బు వెతికే స్కాన్ ముందే అయిపోయింది. ఇప్పుడు చూడాల్సింది సూది మొన ఎక్కడుందన్నదే. గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా, గడ్డ బూడిద రంగులో, సూది తెల్లగా కనిపిస్తాయి. ఇంత తేడా ఉన్నచోట తక్కువ డోసు సరిపోతుంది. కాలేయంలో అయితే ఇంత సులువు కాదు.

[తెరపై: డోసు రిపోర్టు]

స్కాన్ అయ్యాక డోసు రిపోర్టు అడగండి. అందులో డీఎల్‌పీ అనే అంకె ఉంటుంది, స్కాన్ చేసిన పొడవంతా కలిపి మెషిన్ ఇచ్చిన డోసు లెక్క అది. ఛాతీకైతే దాన్ని 0.014తో గుణిస్తే మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. 400 ఉంటే సుమారు 5.6 మిల్లీసీవర్ట్‌లు.

మామకు టీబీ అని తేలింది, ఆరు నెలల మందులు. డోసు కాగితం మాత్రం పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు.