ఎగువ వంక, దిగువ చెరువు: వాటర్‌షెడ్ ప్రణాళికపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ రోజు మాట వాటర్‌షెడ్ గురించి, అంటే పడిన వానంతా ఒకే వంకలోకి చేరే ప్రాంతం, అక్కడ నీళ్లు నిలిపే పనుల గురించి. స్టూడియోలో భూగర్భజల నిపుణులు ఉన్నారు. మొదటి కాలర్, కళ్యాణదుర్గం వైపు నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. మా చేని పక్కనే వంక పోతాది. మా నాయన కాలంలో సంక్రాంతి దాకా పారేది. ఇప్పుడు వాన నిలిచిన రెండు గంటలకే ఎండిపోతాది. పోయినేడు చెనక్కాయ ఊడలు దిగేటప్పుడు వాన ఎత్తిపోయె. బోరు చూస్తే గాలి కొడతాది. మా తమ్ముడు బెంగళూరు పోయినాడు...

నిపుణులు: ప్రశ్న అడుగప్పా.

కాలర్: అదే సార్. మా ఊరికి వాటర్‌షెడ్ వస్తాదంటాండారు. మా చేని కాడ చెక్‌డ్యామ్ కట్టించల్ల. దిగువూరోళ్లేమో మా చెరువుకు నీళ్లు రావు, కట్టనీయం అంటాండారు. ఎవర్ని పట్టుకోవల్ల?

నిపుణులు: ఎవర్నీ పట్టుకోవద్దు. మీ వంక ఎక్కడ పుడుతుంది?

కాలర్: గుట్టలో సార్.

నిపుణులు: పని అక్కడ మొదలు కావాలి. మొదట గుట్ట, తర్వాత చేను, చివర వంక. గుట్ట మీద కందకాలు, రాతి కట్టలు లేకుండా కింద చెక్‌డ్యామ్ కడితే నాలుగు వానలకు మట్టితో పూడిపోతుంది. అది నీళ్లకు కట్టింది కాదు, బిల్లుకు కట్టింది.

కాలర్: గుట్ట మీదికి గొర్రెలు పోతాయి సార్.

నిపుణులు: గొర్రెల కాపరులను మీటింగుకు పిలిచినారా? పిలవలేదు కదా. మేపు ఎక్కడో వాళ్లతో తేల్చుకోకుండా కందకాలు తవ్వితే, నాటిన మొక్క ఒక్కటీ మిగలదు. బోర్లున్న నలుగురే కూర్చుంటే అది ప్రణాళిక కాదు. కూలోళ్లు రావాలి, నీళ్లు మోసే ఆడవాళ్లు రావాలి, దిగువ చెరువు ఆయకట్టు రైతులూ రావాలి.

కాలర్: వాళ్లొస్తే కొట్లాటే సార్!

నిపుణులు: లెక్క ముందర పెట్టు, కొట్లాట తగ్గుతుంది. ఎకరా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. మన అనంతపురానికి ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్లు, అంటే 22 లక్షల లీటర్లు. అందులో చాలా భాగం ఎండకు, పంటకు పోతుంది. మన గట్టి రాతి నేలలో పదో వంతు కిందికి ఇంకితే గొప్ప. ఎకరా వరికి దగ్గర దగ్గర 50 లక్షల లీటర్లు కావాలి. రెండెకరాల మీద పడిన వానంతా పట్టి ఇచ్చినా చాలదు! అందుకే రబీకి ముందు బోర్లలో నీటిమట్టం కొలవండి, ఎంతుందో గోడ మీద రాయండి, ఏ పంట ఎన్ని ఎకరాలో ఆ తర్వాత మాట్లాడుకోండి. మన జిల్లాలో రైతులే వానమాపకం పెట్టుకుని ఈ లెక్క కట్టిన ఊర్లు ఉన్నాయి.

కాలర్: సరే సార్. అయితే మా చేని కాడ చెక్‌డ్యామ్ వస్తాదా, రాదా?

నిపుణులు: (నవ్వుతూ) మళ్లీ అదే! మొదట గుట్ట నాయనా. చెరువుకు ఎంత వదలాలో రెండూళ్లూ కూర్చుని రాసుకున్నాక, అప్పుడు చెక్‌డ్యామ్ ఎత్తు సంగతి.

యాంకర్: ధన్యవాదాలండీ. తాడిపత్రి నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, చీనీ తోట, బత్తాయి. మూడు బోర్లు పోయినాయి. నాలుగోది ఎన్నడుగులు వేయమంటారు?

నిపుణులు: వేయద్దంటాను. లోతుకు పోతే నీళ్లు పుట్టవు, పక్కోడి బోరు ఎండుతుంది. 2002 వాల్టా చట్టం, అదే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి కూడా కావాలి. ఆ డబ్బుతో డ్రిప్ సరిచేసుకో, చెట్ల పాదుల్లో ఆకు, చెత్త కప్పు.

కాలర్: రిగ్గోళ్లు రేపే వస్తామంటాండారు...

నిపుణులు: రానీయద్దు.

యాంకర్: తర్వాత, ఉరవకొండ నుంచి పొదుపు సంఘం సభ్యురాలు.

కాలర్: నమస్తే సార్. వాటర్‌షెడ్ కమిటీలో మా పేర్లు రాస్తారు, సంతకానికి పిలుస్తారు. డబ్బులెంతో చెప్పరు. ప్రాజెక్టు అయిపోయినంక కట్ట తెగితే ఎవరు వేయాల?

నిపుణులు: మంచి ప్రశ్నమ్మా. సంఘాలు, వాడకందారులు, ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, భూమి లేనోళ్లు, అందరూ కలిసి కమిటీలో సగం ఉండాలని కేంద్రం వాటర్‌షెడ్ పనులకు ఇచ్చిన 2008 మార్గదర్శకాల్లోనే ఉంది. వాటి ప్రకారం సొంత పొలంలో పనికి రైతు ఖర్చులో 10 శాతం కట్టాలి, ఎస్సీ, ఎస్టీ, సన్న చిన్నకారు రైతులైతే 5 శాతం. ఆ సొమ్ము వాటర్‌షెడ్ అభివృద్ధి నిధికి పోతుంది. మరమ్మతుకు పనికొచ్చేది అదే. ఆ నిధి పాస్‌బుక్ చూపించమని గ్రామసభలో అడగండి. సంతకం ఆ తర్వాతే.

కాలర్: చూపించకపోతే?

నిపుణులు: సంతకం పెట్టద్దు తల్లీ.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్లో ఉన్నవాళ్లు వచ్చే వారం చేయండి. నమస్కారం.