పిల్లల జడ క్లిప్పులు: కొనేముందు, పెట్టేముందు

నమస్కారం. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గరి అంగళ్లలో పాపకు క్లిప్పులు కొనేటప్పుడు రంగు చూస్తాము, పావడాకు నప్పుతుందా అని చూస్తాము. బిడ్డ వెల్లకిలా పడితే ఆ క్లిప్పు ఏమవుతుందన్నది మాత్రం చూడము.

రెండు వరుసల పళ్లతో జుట్టును బిగించే క్లచ్చర్ సరిగ్గా తల వెనుక, చర్మాన్ని ఆనుకొని ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులో డ్రైవరు గట్టిగా బ్రేకు వేసి, పిల్ల తల కిటికీ చట్రానికి కొట్టుకుంటే, ఆ గట్టి ప్లాస్టిక్ విరిగి నెత్తిలో దిగబడవచ్చు. నెత్తి చర్మంలో రక్తనాళాలు ఎక్కువ కనుక చిన్న గాయమైనా రక్తం ధారగా కారుతుంది. శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టాలి. ముక్క గుచ్చుకొని ఉంటే లాగకుండా, దాని చుట్టూ అదిమి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ప్రయాణంలో క్లచ్చర్ తీసేసి, గుడ్డ చుట్టిన మెత్తని రబ్బరుబ్యాండు వేయడం మేలు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది జాతరల్లో, తిరునాళ్లలో పిల్లలు మారాం చేసి కొనిపించుకొనే లైట్ల క్లిప్పు. దాని వెనుక మూతకు స్క్రూ లేకపోతే, గోటితో లాగగానే లోపలి గుండీ బ్యాటరీ చేతికి వస్తుంది. బిడ్డ దాన్ని మింగి అది అన్ననాళంలో ఇరుక్కుంటే, తడి తగిలి విద్యుత్తు ప్రవహించి, అక్కడ ఘాటైన క్షారం పుట్టి, 2 గంటల్లోనే అన్ననాళం లోపలి గోడను తీవ్రంగా కాల్చేస్తుంది. వెలుగు తగ్గిందని పారేసిన బ్యాటరీలోనూ ఆ శక్తి మిగిలే ఉంటుంది. చొల్లు కారడం, అన్నం వద్దనడం, దగ్గు కనిపించవచ్చు; ఏమీ కనిపించకపోనూవచ్చు. అందుకే అనుమానం వస్తే చాలు, 108కి ఫోన్ చేసి, రుయా వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో ఎక్స్‌రే తీయించాలి. వాంతి చేయించకూడదు, అన్నం నీళ్లు పెట్టకూడదు. ఏడాది దాటిన బిడ్డ మింగగలిగితే, దారిలో 10 నిమిషాలకొకసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వవచ్చు. తేనె కోసం మాత్రం ఆలస్యం చేయవద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె పనికిరాదు.

పసిబిడ్డ నిద్రపోయేముందు హెయిర్ బ్యాండ్ తీసేయండి, జారి ముక్కు మీదికో మెడ మీదికో రావచ్చు. మణికట్టుకు వేసుకున్న బిగుతు రబ్బరుబ్యాండు కూడా రాత్రంతా ఉంచవద్దు. ఇక, అమ్మలందరికీ ఒక విన్నపం: జడ వేస్తూ సైడుపిన్నును పళ్లతో విడదీయకండి. ఎదురుగా అద్దంలో మీ పాప అదే చూస్తోంది, రేపు తానూ పిన్నును నోట్లోనే పెట్టుకుంటుంది.