కంప్యూటర్ కంటికి ఆనని డ్రా

నమస్కారం, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. మా దగ్గర చెస్ నేర్చుకునే పిల్లలు గేమ్ అవ్వగానే ఫోన్లో స్టాక్‌ఫిష్ తెరుస్తారు, అంటే చెస్ ఎత్తులు లెక్కేసే ప్రోగ్రామ్, చెస్ ఇంజిన్. ఎవరు ఎంత ముందున్నారో నంబర్‌లో చెబుతుంది, మైనస్ అంటే తెల్ల వెనకబడినట్టు. "మాస్టారూ, ఇక్కడ మైనస్ తొమ్మిది చూపిస్తోంది, ఓడిపోయినట్టే కదా?" అంటారు. ఆ నంబర్‌ని ఎంతవరకు నమ్మాలో ఈరోజు బోర్డు మీదే చూద్దాం.

తెల్ల బంట్లు పెట్టండి. ఏ5, బీ4, సీ5, డీ4, ఈ5, ఎఫ్4, జీ5, హెచ్4. ప్రతి తెల్ల బంటుకీ సరిగ్గా ముందు గడిలో ఒక నల్ల బంటు. తెల్ల రాజు జీ2, నల్ల రాజు జీ7. నల్లకి రెండు ఏనుగులు కూడా ఉన్నాయి, ఏ8లో ఒకటి, హెచ్8లో ఒకటి. తెల్లకి ఇంకేమీ లేదు.

ఇప్పుడు ఆ ఏనుగులతో ఒక్క తెల్ల బంటునైనా కొట్టండి చూద్దాం. వీడియో ఆపి ప్రయత్నించండి.

కుదరదు. నిలువుగా వచ్చినా, అడ్డంగా వచ్చినా సొంత బంటే అడ్డం. బంట్లు కదల్లేవు, ఒకదాన్నొకటి కొట్టుకోలేవు. నల్ల రాజు డీ6కి వద్దామంటే సీ5, ఈ5 బంట్లు రానివ్వవు. తెల్ల రాజు జీ2, జీ1 మధ్య తిరుగుతుంటే చాలు, డ్రా. దీన్నే ఫోర్ట్రెస్, అంటే కోట, అంటారు. కోట పక్కన పెరిగిన మన పిల్లలకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. నల్ల ఏనుగు డీ6కి వచ్చి కూర్చుంటుంది. ఆశపడి ఈ5 బంటుతో కొట్టారా, ఈ6లోని నల్ల బంటు ఈ5కి దూకుతుంది, గోడకి కన్నం పడుతుంది. ఇంకో ఏనుగు కాచుకునే ఉంది. కాబట్టి ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

మరి ఇంజిన్‌కి ఇది ఎందుకు కనపడదు? అది ఎత్తు తర్వాత ఎత్తు లెక్కేస్తూ కొంత లోతుకి వెళ్లి, అక్కడున్న బోర్డుకి మార్కులేస్తుంది. అక్కడ రెండు ఏనుగులు ఎక్కువే కనిపిస్తాయి. బంటు కదలకుండా, ఏ పావూ కొట్టకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అడగొచ్చనే 50 ఎత్తుల రూల్ ఉంది, అంటే ఇద్దరివీ కలిపి 100 ఎత్తులు. మామూలుగా లెక్క అంత దూరం పోదు. టేబుల్‌బేస్, అంటే కొద్ది పావులే మిగిలిన పొజిషన్లకి ముందే లెక్కేసి పెట్టిన ఫలితాల పట్టిక, ఉందిగా అంటారేమో. 2018లో పూర్తయిన సిజిజీ టేబుల్‌బేస్ రాజులతో కలిపి 7 పావుల వరకే. మన బోర్డు మీద 20 ఉన్నాయి.

తొందరపడి ఓటమి ఒప్పుకోవడం పెద్దవాళ్లకీ తప్పలేదు. 1997 మేలో ఐబీఎం చెస్ కంప్యూటర్ డీప్ బ్లూతో రెండో గేమ్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ 45వ ఎత్తు దగ్గర ఓటమి ఒప్పేసుకున్నారు. సెకనుకి 20 కోట్ల పొజిషన్లు చూసే యంత్రం అది. మర్నాడు ఆయన జట్టువాళ్లే, వరుస చెక్‌లతో డ్రాకి దారి ఉందని చెప్పారు. అంతటి ఆటగాడు ఇంకా పోరాడే చోట లేచి వెళ్లిపోయారంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు.

మీ గేమ్‌లో మైనస్ తొమ్మిది కనిపిస్తే, ఇంజిన్ చెప్పే ఎత్తులనే రెండు వైపులా ఓ పదిహేను వేసి చూడండి. నంబర్ అక్కడే ఉండి, ఏనుగులు ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే అనుమానించండి, గోడ ఎక్కడుందో వెతకండి.

ఇంకొకటి చేయండి. ఏ8 ఏనుగు తీసేసి, బీ7లో నల్ల గుర్రం పెట్టండి. ఇప్పుడది ఏ5, సీ5 బంట్లు రెండింటినీ కొట్టగలదు. తెల్ల ఇంకా నిలబడుతుందా? మీ లెక్క కామెంట్‌లో రాయండి, ఇంజిన్ తెరవకముందే.