మిల్ష్ లెక్క
(ఒక ఇంజనీరింగ్ కళాశాల ఏరోనాటికల్ విభాగంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, ప్రిన్సిపాల్ గారికి, విద్యార్థులకు నమస్కారం. నా గురించి ఇప్పటికే ఎక్కువ చెప్పారు, నేరుగా విషయంలోకి వస్తాను. నాకిచ్చిన అంశం, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నైట్ ఫైటర్ల ఉత్పత్తి, అంటే రాత్రిపూట శత్రు బాంబర్లను వేటాడే విమానాల తయారీ.

కింద హాల్లో మీ సీనియర్లు చేసిన, ఆ నైట్ ఫైటర్లలో ఒకటైన హైంకెల్ 219 మోడల్ చూశాను. పనితనం చాలా బాగుంది. పక్కన కార్డు మీద మాత్రం ‘అధికారుల మూర్ఖత్వానికి బలైన అద్భుతం’ అని రాశారు. నా పేచీ ఆ కార్డుతోనే.

అద్భుతమే, కాదనను. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీట్లతో యుద్ధంలోకి దిగిన మొదటి విమానం అది. 1943 జూన్ 11 రాత్రి హాలండ్‌లోని వెన్లో నుంచి మేజర్ వెర్నర్ స్ట్రైబ్ దాన్ని తీసుకెళ్ళి ఐదు బ్రిటిష్ బాంబర్లను కూల్చాడు. తిరిగొచ్చి దిగుతుంటే, వేగం తగ్గించడానికి రెక్కల వెనక కిందికి దించే ఫ్లాపులు దించిన చోట నిలబడలేదు. విమానం రన్‌వే దాటిపోయి ముక్కలైంది. కాక్‌పిట్ ఊడి నేల మీద జారుకుంటూ పోయింది. లోపలున్న ఇద్దరూ బతికి బయటపడ్డారు. కథ చెప్పేవాళ్ళందరూ ఐదు బాంబర్ల దగ్గర ఆగుతారు. ప్రొడక్షన్ ప్లానింగ్‌లో తల పండిన నాలాంటివాడు ఆ ఫ్లాపుల దగ్గర ఆగుతాడు. తర్వాతి పది రోజుల్లో ఇదే రకం విమానాలు ఆరు బ్రిటిష్ మస్కిటో విమానాలను కూల్చాయని కూడా చెప్తారు. ఆనాటి రికార్డుల్లో దానికి ఆధారం దొరకలేదు.

నైట్ ఫైటర్ల దళాధిపతి కామ్‌హూబర్ హైంకెల్ కావాలని పట్టుబట్టాడు. విమాన ఉత్పత్తి చూసే ఎర్హార్డ్ మిల్ష్ ఒప్పుకోలేదు. పంతమని కొందరంటారు. ఆయన కుర్చీలో మీరు కూర్చుని చూడండి. అప్పటికే తయారవుతున్న జంకర్స్ 88 బాంబర్‌కి జిగ్గులున్నాయి, ఫిక్స్చర్లున్నాయి (విడిభాగాలను సరిగ్గా పట్టి ఉంచే సాధనాలు), చెయ్యి తిరిగిన పనివాళ్ళున్నారు. అన్ని రకాలూ కలిపి దాదాపు 15,000 తయారైన విమానం అది. దానికే బీఎండబ్ల్యూ 801 ఇంజన్లు, జంకర్స్ 188 తోక తగిలించి, రాడార్ పెడితే 88జీ అనే నైట్ ఫైటర్ అయింది. హైంకెల్ 219కి అనుకున్న శక్తిమంతమైన ఇంజన్లే అందలేదు. 1944లో ఆపెయ్యమన్నారు, మళ్ళీ సాగనిచ్చారు. మొత్తం మీద మూడొందలు కూడా దాటలేదు. పెళ్ళి వంట సగంలో ఉండగా పొయ్యిలు మార్చమంటే ఏ వంటవాడు ఒప్పుకుంటాడు?

1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి 795 బ్రిటిష్ బాంబర్లు బయల్దేరితే 95 తిరిగి రాలేదు. వాటిలో ఎక్కువ భాగాన్ని కూల్చింది పాత మెసర్‌ష్మిట్ 110లూ, జంకర్స్ 88లే. కాబట్టి ఉత్పత్తి లెక్కగా చూస్తే మిల్ష్‌ది మూర్ఖత్వం కాదు.

కుర్ట్ టాంక్ అనే జర్మన్ డిజైనర్ రూపొందించిన చెక్క నైట్ ఫైటర్ టీఏ 154 సంగతీ చెప్పాలి. దానికి వాడే జిగురు తయారయ్యే, జర్మనీలోని వుపెర్టాల్ ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. బదులు వాడిన జిగురు చెక్కనే తినేసింది. డిజైన్ ఎంత గొప్పదైనా, సరుకు వచ్చేది ఒక్క చోటినుంచే అయితే అంతే సంగతులు.

రాడార్ల మీద ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను. పక్కన పెట్టేస్తున్నాను. ఈ కబుర్లన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది వేరే ఉంది.

హైంకెల్ 219ను ఎవరు చేశారు? వియన్నా పక్కన ష్వెకాట్‌లో హైంకెల్ ఫ్యాక్టరీ. 1943లో అక్కడ నాజీల మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి అనుబంధంగా ఒక శిబిరం తెరిచారు. ఖైదీలను తెచ్చి అసెంబ్లీ పనిలో పెట్టారు. 1944లో బాంబులు పడ్డాక పనినీ, ఖైదీలనూ వేరే చోట్లకు తరలించారు. రివెట్లు కొట్టింది ఆ చేతులు. పిల్లలూ, వెనక వరసల్లో వాళ్ళు కూడా కాస్త వినండి. మీరు ముచ్చటపడే విమానానికి షాప్ ఫ్లోర్ అది.

నేను పొగిడిన మిల్ష్ లెక్క కూడా శుభ్రమైనది కాదు. ఫ్యాక్టరీలకు మనుషులు కావాలని అడిగినవాళ్ళలో ఆయనా ఒకడు. 1947లో న్యూరెంబర్గ్‌లో అమెరికన్ సైనిక న్యాయస్థానం ఆయన్ను విచారించి, బానిస చాకిరీ నేరానికి యావజ్జీవం వేసింది. తర్వాత దాన్ని 15 ఏళ్ళకు తగ్గించారు. 1954లో విడుదలయ్యాడు. ఏ విమానం ఎంచుకున్నాడన్నది కోర్టు అడగలేదు. ఎవరి చేత చేయించాడన్నది అడిగింది. మనం మాత్రం డెబ్బై ఎనభై ఏళ్ళుగా మొదటి ప్రశ్న దగ్గరే వాదులాడుకుంటున్నాం. హార్స్‌పవర్ ఎంత, ఎత్తు ఎంత, ఏది గొప్ప! మ్యాగజైన్లలో, పోటీల్లో, క్విజ్‌లలో అదే. నా బాధంతా ఇదే. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఉన్న ఒక్క హైంకెల్ 219 అమెరికాలో, వర్జీనియాలోని ఉడ్వర్-హేజీ సెంటర్‌లో ఉంది. మన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. మీలో అన్నలో అక్కలో అక్కడున్నవాళ్ళు వెళ్ళినప్పుడు రివెట్ల వరస దగ్గర నిలబడి చూసి రండి.

మోడల్ చేసిన సీనియర్లు ఇక్కడే ఉంటే ఒక విన్నపం. ఆ కార్డు తీసెయ్యకండి. ‘అద్భుతం’ అన్న మాట కింద ఇంకో వాక్యం చేర్చండి: ‘ష్వెకాట్‌లో దీన్ని తయారుచేసినవారిలో మౌట్‌హౌజెన్ ఖైదీలున్నారు.’ ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.