పిన్ని, బాబాయ్, రెండు కేకులు, 23 మంది

అక్క: రికార్డ్ అవుతోందా? సరే. అందరికీ నమస్కారం, బెంగళూరు లింగరాజపురంలో మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాం. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, అది మా అమ్మ.

తమ్ముడు: అంటే మా పిన్ని.

అక్క: అదిగో, అక్కడే మొదలుపెడదాం. వీడు నా తమ్ముడు, కానీ నాకు పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా వీడెవడో నాకు తెలీదు. మా అమ్మ, వీళ్ల నాన్నగారు పెళ్లి చేసుకున్నారు, అలా తమ్ముడయ్యాడు. మా నాన్న చెన్నైలో ఉంటారు. వీళ్లమ్మగారు వీడి పదకొండో ఏట పోయారు.

తమ్ముడు: మొదటి టెన్షన్ పిలుపు దగ్గరే. అమ్మా అనడానికి నోరు రాలేదు, ఆంటీ అంటే నాన్న మొహం మాడిపోయేది. చివరికి నెల్లూరు నానమ్మ తేల్చేసింది, "పిన్ని అనరా, దానికేముంది" అని. నిజమే, అమ్మ చెల్లెలూ పిన్నే, నాన్న రెండో భార్యా పిన్నే, మనవాళ్లు ముందే ఆలోచించి పెట్టారు. సవతి తల్లి అనేది కథల్లో మాట, వంటింట్లోకెళ్లి "సవతి తల్లీ, కాఫీ" అని ఎవడైనా అడుగుతాడా?

అక్క: నాకు ఆ సుఖం కూడా లేదు, అమ్మ రెండో భర్తను ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు. ఏడాదిన్నర అంకుల్ అన్నాను. తర్వాత వీడికి ఆవిడ పిన్ని అయితే పిన్ని మొగుడు బాబాయే కదా అని, ఆ లెక్కన బాబాయ్ చేసేశాను. లెక్క కుదరదని నాకూ తెలుసు, నడుస్తోంది.

తమ్ముడు: ఇక క్రిస్మస్. మేం నెల్లూరు బాప్టిస్టులం, అక్కావాళ్లు గుంటూరు లూథరన్లు. అమెరికన్ మిషనరీలు నెల్లూరుకి 1840లో వచ్చారు, గుంటూరుకి 1842లో, ఆ రెండేళ్ల సీనియారిటీ మా పెదనాన్న ఇప్పటికీ చూపిస్తారు.

అక్క: మా పెద్దమ్మ ఊరుకుంటుందా! చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వచ్చా, ఊహ తెలిశాక నీళ్లలో ముంచే ఇవ్వాలా అని ప్రతి ఏడూ మటన్ పులావ్ ముందు కూర్చుని అదే గొడవ. పోయినేడాది నేను గట్టిగా చెప్పాను, ముందు పెరుగు చట్నీ ఇటు జరపండి, తర్వాత ముంచుకోండి అని.

తమ్ముడు: అది చాలదన్నట్టు నేను మంగళూరు కాథలిక్ అమ్మాయిని చేసుకున్నాను. వాళ్లకు 24 అర్ధరాత్రి పూజ ముఖ్యం, శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాకి వెళ్తాం. మాకు 25 పొద్దున ఆరాధన. అంటే నేను రెండింటికీ వెళ్లి రెండోదాంట్లో కునుకు తీస్తాను.

అక్క: కేకు సంగతి చెప్పు.

తమ్ముడు: మా ఆవిడ ఎండు పళ్లు రమ్‌లో నానబెడుతుంది. పెదనాన్నకు మందు వాసన పడదు, అందుకని నారింజ రసంలో నానబెట్టి ఇంకోటి. రెండు డబ్బాలకీ టేపు వేసి పేర్లు రాస్తుంది, కన్నడలో. పెదనాన్నకు కన్నడ చదవడం రాదు, తెలుగు లిపిలాగే ఉంటుంది కాబట్టి వచ్చనుకుంటారు. మూడు ముక్కలు తిని, ఈసారి కేకు బాగా కుదిరిందమ్మా అన్నారు. ఎవరం ఏమీ అనలేదు.

అక్క: ఇది వింటే తెలిసిపోతుంది కదరా.

తమ్ముడు: ఆయన పాడ్‌కాస్ట్‌లు వినరులే.

అక్క: నాకు బాగా నచ్చేది మాత్రం గవ్వలు చేసే రాత్రి. 22నో 23నో, చాప పరిచి అందరం నేల మీదే. అమ్మ గవ్వల పీట తెస్తుంది, మా మరదలు ఫోర్కు వెనక వైపు చుడుతుంది, పిల్లలకు కొత్త దువ్వెనలు. వాళ్ల ఇంట్లో వాటిని కిడియో అంటారట, కొంకణిలో అంటే పురుగులు! అప్పటిదాకా ఇద్దరికీ మాట కలవలేదు, అమ్మకి ఇంగ్లిష్ రాదు, ఆ పిల్లకి తెలుగు రాదు. ఆ రాత్రి అమ్మ ఒక గవ్వ తీసి బొటనవేలితో ఇలా నొక్కి, అంచు మూసుకోకూడదు, మూసుకుంటే లోపల పిండి ఉడకదు అని తెలుగులోనే చెప్పింది. ఆ పిల్ల అర్థమైనట్టు తల ఊపి పది చేసి చూపించింది. తొమ్మిది మూసుకుపోయాయి. ఇద్దరూ ఒకటే నవ్వు.

తమ్ముడు: అక్కావాళ్ల అత్తగారు కూడా వస్తారు. ధనుర్మాసం కదా, ఆవిడ నీచు ముట్టరు. కానీ 25 తెల్లవారుజామున మా గేటు ముందు నక్షత్రం ముగ్గు ఆవిడదే.

అక్క: ఆవిడకి వేరే గిన్నె, వేరే గరిటె, అది నా బాధ్యత. ఇక చాలామంది అడిగేది, ఎవరి ఇంట్లో ఎప్పుడు అని. 25న అందరూ ఒకేచోట ఉండాలనే పట్టు వదిలేశాం. మొదటి రెండేళ్లు ఆ పట్టు వల్లే నేను బాత్రూంలో కూర్చుని ఏడ్చాను, చెన్నైలో నాన్న ఒక్కడే తింటున్నాడని. ఇప్పుడు 26 మధ్యాహ్నం బృందావన్ ఎక్కేస్తాను, నాన్నకు ఆ రాత్రే క్రిస్మస్. రైల్వే బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే కాబట్టి అక్టోబర్ ఆఖరికి ఎవరెక్కడో తేలిపోవాలి. ఆ తర్వాత ఎవరు అలిగినా టికెట్ మారదు, ఇది చాలా పెద్ద సౌకర్యం.

తమ్ముడు: నేనొకటి చెప్పాలి. మా అమ్మ కొన్న కాగితం నక్షత్రం ఒకటుంది, రస్సెల్ మార్కెట్‌లో కొన్నది, ఎర్రది. వీళ్లు వచ్చిన మొదటి డిసెంబర్లో దాన్ని అటక మీద నుంచి తీస్తే ఒక కొమ్ము చిరిగిపోయి ఉంది. కొత్త ఎల్‌ఈడీది కొందామన్నారు నాన్న. నేనేమీ మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి పిన్ని మైదాపిండి జిగురు కాచి, తన పాత పెళ్లికార్డు ఎర్ర కవరు కత్తిరించి అతికించేసింది.

అక్క: అది నా నాన్నతో పెళ్లికార్డు. అమ్మ ఎందుకు దాచిందో, ఎందుకు కోసిందో నేను అడగలేదు.

తమ్ముడు: ఆ కొమ్ములోంచి వెలుగు కొంచెం తక్కువ వస్తుంది. ఈసారి హోల్డర్ మార్చాలి, షాక్ కొడుతోంది.

అక్క: మారుద్దువుగానీ, ముందు మెయిన్ ఆపు. పోయినసారి నిచ్చెన పట్టుకున్నది నేను.