ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్: వాడకం, సంరక్షణ (అనంతపురం ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అనంతపురంలో ఫొటోస్టూడియోలు, డీటీపీ సెంటర్లు నడిపేవారు ఇంతమంది ఒకచోట చేరారు కనుక, పెళ్లిళ్ల సీజనులో మీ ల్యాప్‌టాప్‌లు పడే పాట్లను దృష్టిలో పెట్టుకునే మాట్లాడతాను.

మీలో చాలామంది ఇప్పటికీ తిరిగే హార్డ్‌డిస్క్‌నే వాడుతున్నారు. దాని లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు, కొన్నింటిలో 7,200 సార్లు తిరుగుతాయి; వాటిని చదివే హెడ్ పళ్లేన్ని తాకకుండా, తలవెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఎత్తున, గాలి పొర మీద తేలుతుంది. డిస్కు ఆగినప్పుడు హెడ్ పక్కకు తప్పుకుంటుంది కాబట్టి ఆగిన డిస్కు ఓర్చుకునే కుదుపును తిరుగుతున్న డిస్కు ఓర్చుకోలేదు. కల్యాణమండపంలో ఫొటోలు కాపీ అవుతుండగానే మూత మూసి, బ్యాగులో కుక్కి, బైకు మీద బయలుదేరడమే నా దృష్టిలో డిస్కులకు అన్నిటికన్నా పెద్ద గండం. మూత మూసిన క్షణంలోనే ల్యాప్‌టాప్ నిద్రలోకి పోదు. కొన్ని సెట్టింగులలో అసలు పోదు. దూరం వెళ్లేటప్పుడు షట్‌డౌన్ చేసి, లైట్లన్నీ ఆరాకే బ్యాగులో పెట్టండి.

దుమ్ము డిస్కులోకి దూరుతుందని చాలామంది భయపడతారు. డిస్కుకు ఉండే చిన్న గాలి రంధ్రం వెనుక ఫిల్టరు ఉంటుంది కాబట్టి ఆ భయం అనవసరం. తాడిపత్రి బండల పాలిష్ దుమ్ము అసలు చేసే చెరుపు ఫ్యానుకు: గాలి ఆడక వేడి పెరుగుతుంది. సాధారణంగా తయారీదారులు పెట్టే హద్దు 60 డిగ్రీలు. మే నెల ఎండలో, పరుపు మీద పెట్టి వీడియో ఎడిటింగ్ చేస్తే ఆ హద్దుకు దగ్గర పడటం కష్టమేమీ కాదు.

బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌ను అడాప్టరు మీదే నడిపేవారికి కరెంటు పోయిన ప్రతిసారీ రాస్తున్న ఫైలు చెడే ప్రమాదం ఉంది. ముందు బ్యాటరీ మార్చండి.

డిస్కు చెడే ముందు తరచుగా సూచనలు ఇస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము తెరిస్తే నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో స్థితి కనిపిస్తుంది. రంగుతో సరిపెట్టుకోకుండా రెండు వరుసలు చూడండి (సెక్టారు అంటే డిస్కులో డేటా రాసే చిన్న గడి): రీఅలొకేటెడ్ సెక్టార్లు అంటే డిస్కు చెడిన చోటును వదిలి వేరే చోటు కేటాయించుకున్నవి, కరెంట్ పెండింగ్ సెక్టార్లు అంటే చదవలేక, ఏమీ తేల్చలేక పక్కన పెట్టినవి. నేను రెండోదాన్నే ముందు చూస్తాను, ఎందుకంటే అక్కడ ఉన్న మీ ఫైలు ఇప్పటికే చేజారుతూ ఉండవచ్చు. అక్కడి అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఉంటాయి. 10 అని కనిపిస్తే అది 16 అని గుర్తుంచుకోవాలి. అంకె వారం వారం పెరుగుతుంటే మరమ్మతు ఆలోచన మాని ముఖ్యమైన ఫోల్డర్లను ముందు కాపీ చేసుకోవాలి. అలాంటి డిస్కు మీద, తప్పులు వెతికి సరిదిద్దే చెక్‌డిస్క్ ప్రోగ్రామును నడపడం, ఫార్మాట్ చేయడం వద్దు. టక్ టక్ శబ్దం వస్తే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే హెడ్ పళ్లేన్ని గీకే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న చిట్కాను నమ్మకండి, లోపల తేమ పడుతుంది.

చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు, కుదుపు భయం తక్కువ. అయితే అది ఏ శబ్దమూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోగలదు; ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటును ఖాళీ చేయించే ఏర్పాటు) పనిచేస్తున్నప్పుడు, చెరిపిన ఫైలును తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. దానికి డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చడం) చేయనక్కరలేదు. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే డేటా రహస్య సంకేతంలోకి మారి ఉండవచ్చు. దాన్ని తెరిచే రికవరీ కీ మీ దగ్గర లేకపోతే ఏ మెకానిక్కూ ఫొటోలు తీయలేడు. ఆ కీని ఇవాళే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇక కాపీల సంగతి. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు షాపులో, ఇంకొకటి ఇంట్లో ఉండాలి. రెండూ ఒకే బ్యాగులో తిరిగితే దొంగ చేతికి రెండూ దొరుకుతాయి. కాపీ అయ్యాక ‘ఎజెక్ట్’ చేసి తీసేయండి, వైరస్ వచ్చినా అది అందకుండా ఉంటుంది. రెండో డిస్కులోని నాలుగైదు ఫొటోలు తెరిచి చూసిన తరువాతే కెమెరా కార్డును ఫార్మాట్ చేయండి.

ఇప్పుడు ముందు వరుసలోని వారు ఎవరైనా తమ ల్యాప్‌టాప్ ఇస్తే, ఆ రెండు వరుసలు ఎక్కడ ఉంటాయో తెర మీద చూపిస్తాను.