సంతకం పెట్టనివాడి సంగతి

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కపోతలో ఓపిగ్గా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

కాలేజీల్లో రాజకీయాల గురించి మాట్లాడమన్నారు. పార్టీల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అందరూ ఒకవైపు నిలబడ్డప్పుడు అటు పోని ఒక్కడి గురించి మాట్లాడతాను.

హాస్టల్లో వినతిపత్రం రూము రూముకీ తిరుగుతుంది. పైన ఏం రాసిందో చూడకుండానే కింద సంతకాలు పడిపోతుంటాయి. ఒకడు మాత్రం "ఆగన్నా, చదివి పెడతా" అంటాడు. "చదవడానికేముందిరా, అందరూ పెట్టిన్రు గదా" అంటాడు సీనియర్. వాడు చదువుతాడు. మూడు డిమాండ్లు సరే, నాలుగోది ఒప్పుకోను అంటాడు. ఆ రాత్రి మెస్సులో వాడి బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు. నాలుగో డిమాండుతో నీకేం పేచీ అని అడిగినవాడు ఒక్కడూ ఉండడు. అడిగేదొకటే: "నువ్వు ఎవరి మనిషివి?"

వార్డెన్‌గా ఈ తంతు చాలాసార్లు చూశాను. జెండా రంగు మారుతుంది గానీ ప్రశ్న మారదు. ఎర్రజెండా బలంగా ఉన్నచోట కాషాయం పిల్లవాడికీ, కాషాయం బలంగా ఉన్నచోట ఎర్రజెండా పిల్లవాడికీ అదే ఎదురవుతుంది. అమ్మాయైతే ఇంకోటి తోడవుతుంది: "నీకెందుకమ్మా ఇవన్నీ?"

మన దగ్గర ఇది కొత్తేం కాదు. 1938లో నిజాం రాజ్యంలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను కాలేజీల నుంచి వెళ్లగొట్టారు. హనుమకొండలో చదువుతున్న పీవీ నరసింహారావు కూడా అట్లాగే నాగపూర్ పోయి చదువుకోవాల్సి వచ్చింది. అప్పుడు గెంటించిన ఆ పాటే ఇప్పుడు సర్కారు సభల్లో పాడతాం. ప్రొఫెసర్ జయశంకర్ సారు 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం చల్లారాక కూడా తెలంగాణ మాట విడవలేదు. చాలాకాలం ఆ మాట విన్నవాళ్లు తక్కువే. 2009 తర్వాత గాలి మారింది. అప్పుడు క్యాంపసుల్లో తెలంగాణ అననివాడికి తల ఎత్తుకోవడం కష్టమైంది. నేనూ తెలంగాణ కావాలన్నవాణ్నే. కానీ రాష్ట్రం వస్తే నీళ్ల పంపకం ఎట్లా సార్ అని క్లాసులో అడిగిన పిల్లవాణ్ని పక్కవాళ్లే ద్రోహి అన్నారు. మంచి ప్రశ్న అది. ఆ పంచాయితీ రాష్ట్రం వచ్చాక కూడా తెగలేదు.

అవతలి గుంపును ఎదిరించడం ఒక రకంగా సులువే, వెనక మనవాళ్లుంటారు. సొంత గుంపులో కాదనడమే కష్టం. బాలగోపాల్ గారు 1981 నుంచి 1985 దాకా కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పారు. పౌరహక్కుల సంఘంలో ఉండి ఎన్‌కౌంటర్లను నిలదీశారు. ఆ సంఘం ఉపాధ్యక్షుడు, చిన్నపిల్లల డాక్టర్ రామనాథం గారిని 1985 సెప్టెంబరులో ఇదే వరంగల్లో కాల్చి చంపారు. అంత భయం నడుస్తున్న రోజుల్లోనూ బాలగోపాల్ వెనక్కి తగ్గలేదు. తర్వాత నక్సలైట్ల హింసనూ ప్రశ్నించాలన్నారు. అది ఏళ్ల తరబడి కలిసి నడిచిన వాళ్లకే మింగుడు పడలేదు. ఆయన బయటికొచ్చారు, 1998లో మానవహక్కుల వేదిక ఏర్పడింది. ఆయన వాదనతో నాకు కొన్నిచోట్ల ఇప్పటికీ పేచీ ఉంది. కానీ ఆయన రాసింది చదివి పేచీ పెట్టుకున్నాను, ఎవరి మనిషో ఆరా తీసి కాదు.

ఇంకో చిక్కుంది. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎనభైల చివర నుంచి విద్యార్థి సంఘం ఎన్నికలు లేవు. విద్యార్థి ఎన్నికల తీరు మీద వేసిన లింగ్డో కమిటీ నియమాలు పాటించి ఎన్నికలు పెట్టమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటొద్దన్నది ఆ నియమాల్లోదే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతున్నాయి, మన దగ్గర లేవు. ఎన్నికలంటే గొడవలేనంటారు. గొడవలు జరిగాయి, కాదనను. కానీ రహస్య బ్యాలెట్టులో నాలుగు వందల ఓట్లలో అరవై కాదన్నవైపు పడ్డాయనుకోండి, ఆ అరవైమందికి తాము ఒంటరి కాదని తెలుస్తుంది. బ్యాలెట్టు లేనిచోట గొంతు పెద్దదైనవాడే మెజారిటీ.

ఒంటరిగా నిలబడేవాళ్లకూ ఒక మాట. "నా అభిప్రాయం నాది" అని తలుపేసుకుంటే కుదరదు. ఎదురు ప్రశ్న వేస్తే అది దాడి కాదు. మీ కారణం చెప్పండి, అవతలివాడిది వినండి, అవసరమైతే గట్టిగా తిట్టుకోండి కూడా. కంచం దగ్గర మాత్రం వద్దు.

ప్రిన్సిపాల్ గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒకటి అడుగుతున్నాను. మీ హాస్టల్ కమిటీ మినిట్స్ పుస్తకంలో "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అనే వాక్యం ప్రతి పేజీలో ఉంది, పొద్దున చూశాను. చేతులెత్తించడం మానేసి చీటీలు వేయించండి. ఎందరు ఒప్పుకున్నారో, ఎందరు ఒప్పుకోలేదో రాయించండి. ఒప్పుకోనివాళ్లు కారణం చెప్తామంటే దానికి కింద నాలుగు లైన్లు వదలండి.